తలకోనకు ఎప్పుడు వెళ్లాలి? అడవికి చేటు కాకుండా ఏం చూసుకోవాలి?

ఏప్రిల్, మే మాత్రం వద్దు. తలకోన ఉన్న శేషాచలం కొండలది ఎండు అడవి. ఆ నెలల్లో 270 అడుగుల జలపాతం కూడా సన్నటి ధారైపోతుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక, నవంబరు నుంచి జనవరి దాకా బాగుంటుంది. తిరుపతి నుంచి భాకరాపేట మీదుగా దారి.

ఇది 1989లో ఏర్పాటైన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో భాగం. ఇక్కడ అసలు టెన్షన్ నిప్పుతోనే. ఎండలు ముదిరితే రాలిన ఆకు, గడ్డి కాలి కింద అప్పడంలా పటపటమంటాయి. ఆర్పకుండా పారేసిన ఒక్క బీడీ ముక్క చాలు, కొండవాలంతా అంటుకోవడానికి. చిప్స్ ప్యాకెట్లు ఇంట్లోనే వదిలేయండి, కోతులు ఎలాగూ మిగల్చవు. కింద పడి ఉందికదా అని ఎర్రచందనం ముక్క సంచిలో వేసుకోకండి, కేసవుతుంది.