ముందుమాట అడిగిన అమ్మాయికి

అమ్మా,

నీ పుస్తకం పీడీఎఫ్ అందింది. ముందుమాట రాయమని అడిగావు. నేను రాయను. ఎందుకు రాయనో చెప్పాలి కాబట్టి ఈ ఉత్తరం కాస్త పెద్దదవుతుంది, ఓపిగ్గా చదువు.

ఫైలు తెరిస్తే నీ మొదటి కవిత 33వ పేజీలో కనిపించింది. అంతవరకూ వేరేవాళ్లే మాట్లాడారు. ఒక విమర్శకుడి పెద్ద వ్యాసం, ఒక సాహిత్య సంస్థ అధ్యక్షుడి అభినందన, మీ లెక్చరర్ గారి ఆశీస్సులు, ఫేస్‌బుక్ మిత్రుల అభిప్రాయాలు, ఆ తర్వాత నీ కృతజ్ఞతలు. వీటి పక్కన నా పేరు కూడా ఉంటే పుస్తకానికి విలువ పెరుగుతుందని రాశావు.

ఆ విమర్శకుడు నీ 'తొడిమలు' కవిత గురించి రెండు పేజీలు రాశాడు. గుంటూరు కోల్డ్ స్టోరేజీల దగ్గర మీ అమ్మ మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్లడం గురించి చెప్పి, "ఆ పూట అమ్మ నా తల దువ్వదు" అనే నీ వాక్యాన్ని ఎత్తిరాసి, దాని అర్థం ఏమిటో, అందులో ఏ తాత్త్వికత ఉందో విడమరిచాడు. నేను ఆ వాక్యాన్ని మొదటిసారి ఆయన వ్యాసంలోనే చదివాను. తర్వాత నీ కవితలోకి వచ్చేసరికి అది నాకు తెలిసిన వాక్యమైపోయింది. ఘాటెక్కిన చేతుల్ని ఆ తల్లి కూతురి మొహం దగ్గరికి తీసుకురాదు అన్న సంగతి నా అంతట నేను గ్రహించాల్సింది. ఆ అవకాశం నాకు లేకుండా పోయింది. నీ పుస్తకం మొత్తంలో అంత గొప్ప వాక్యం ఇంకొకటి లేదు. దాన్ని నీకంటే ముందు ఇంకొకరు పాఠకుడికి చెప్పేశారు. నాకు కోపం వచ్చింది అందుకే.

ఇంతమంది సంతకాలు ఎందుకు పోగుచేశావో నీ ఉత్తరంలోనే ఉంది. సొంత డబ్బుతో వేసుకోవడం తక్కువతనం అనుకుంటున్నావు. పబ్లిషర్ దొరకలేదు గనక పెద్దల మాటలైనా ఉంటే జనం పట్టించుకుంటారని నీ ఆశ. అమ్మా, తెలుగులో కవిత్వం పుస్తకాల్లో చాలాభాగం కవులు తమ డబ్బు పెట్టుకుని వేసుకున్నవే. లోపలి పేజీలో తల్లి పేరుతోనో పిల్లల పేరుతోనో 'ప్రచురణలు' అని ఉంటుంది. డబ్బు మాత్రం కవి జీతంలోంచో, చిట్టీ పాటలోంచో, ఇంట్లో వాళ్ల నగల మీదో వచ్చి ఉంటుంది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఒకరి అనుమతి అక్కర్లేకుండా పుస్తకం వేసుకోగలగడం పెద్ద స్వేచ్ఛ. నువ్వు ఆ స్వేచ్ఛ ఖరీదు పూర్తిగా కట్టి, మళ్లీ ఐదుగురి గుమ్మాల ముందు నిలబడ్డావు. అది నాకు బాధగా ఉంది.

"మహాప్రస్థానానికి చలం గారు రాయలేదా?" అని అడుగుతావు. ఎవరికి ఈ మాట చెప్పినా అదే అడుగుతారు. రాశాడు. దానికి 'యోగ్యతాపత్రం' అని పేరు పెట్టాడు. ఆ మాటలు చలం రాసింది 1940లో, పుస్తకం వచ్చింది 1950లో. అంటే అంత గొప్ప ముందుమాట చేతిలో ఉండి కూడా శ్రీశ్రీ పుస్తకం పదేళ్లు ఆగింది. ఇంకో సంగతి చూడు. ఇదంతా తన గొడవ అనీ, ఇష్టం లేనివాళ్లు ఈ పేజీలు దాటేసి కవిత్వంలోకి వెళ్లిపోవచ్చనీ చలమే మొదట్లో చెప్పాడు. ముందుమాట రాసేవాడికి ఉండాల్సిన మర్యాద అది. ఆ పేరు చెప్పుకుని మనవాళ్లు దశాబ్దాలుగా ఒకరికొకరు యోగ్యతాపత్రాలు ఇచ్చుకుంటున్నారు.

నా మొదటి పుస్తకం నాటికి డిటిపి, అంటే కంప్యూటర్లో పేజీలు కూర్చడం, లేదు. విజయవాడలో ఒక చిన్న ప్రెస్సు, చేత్తో కంపోజింగ్. సీసపు అక్షరాలు సరిపడా ఉండేవి కావు. ఒక ఫారం, అంటే ఒకేసారి అచ్చయ్యే కొన్ని పేజీలు, కంపోజ్ చేసి, అచ్చు కొట్టి, ఆ అక్షరాలు విప్పి మళ్లీ గళ్లలో సర్దితే తప్ప రెండో ఫారం మొదలయ్యేది కాదు. కవితలన్నీ అచ్చయ్యాక, అప్పట్లో చాలా పేరున్న ఒక కవి ముందుమాట రాస్తానని మాట ఇచ్చాడు. దాని కోసం ముందు పేజీలుండే మొదటి ఫారం ఆపించాను. నెలలు గడిచాయి. అచ్చయిన కాగితాలు ప్రెస్సులో మూలన పడి ఉన్నాయి, వానాకాలం వచ్చింది, అంచులు చెమ్మ పట్టాయి. ప్రెస్సాయన మర్యాదస్తుడు, ఒక్కమాట అనలేదు. చివరికి ఆ ముందుమాట వచ్చింది. అందులో ఆయన నడిపిన ఉద్యమం గురించి ఉంది, ఆయనకు గిట్టని ఇంకో వర్గం గురించి ఉంది, నా కవిత్వం గురించి చివర్లో నాలుగు వాక్యాలు ఉన్నాయి. వాటిలో ఒకటి నేను రాయని కవిత గురించి. నేను దాన్ని వేయలేదు. ఆయన ఆ తర్వాత నాతో మాట్లాడలేదు, ఆయన శిష్యుడు సంపాదకుడిగా ఉన్న వారపత్రికలో ఏళ్ల తరబడి నా కవిత పడలేదు. ఆ కాలమంతా నేను పంపుతూనే ఉన్నాను.

ఆ పత్రికలో పడని రోజుల గురించి నాకు పెద్దగా బాధ లేదు. వేరేచోట పడిన కవితల గురించే ఎక్కువ బాధ. ఒక ఆదివారం అనుబంధంలో, ప్రకటనకు చోటు చాలలేదని నా కవిత చివరి చరణం తీసేశారు. అడిగితే "అది లేకపోయినా బాగానే ఉంది కదండీ" అన్నాడు సబ్ ఎడిటర్. కవి రాసిన వాక్యం ఉండాలో పోవాలో ప్రకటన కొలత నిర్ణయించింది. సొంత పుస్తకంలో అలా ఎవరూ తీసేయలేరు. నీకు సొంత ప్రచురణ విలువ తెలియాలని ఇంత చెబుతున్నాను.

ఇప్పుడు లెక్క చూడు. మన కవిత్వం పుస్తకాలు మామూలుగా వచ్చే డెమీ సైజులో ఫారానికి 16 పేజీలు. నీ పుస్తకం 128 పేజీలు, అంటే 8 ఫారాలు. అందులో మొదటి 2 ఫారాలు పూర్తిగా పొగడ్తలకే పోయాయి. ఆ కాగితం, ప్లేట్లు, అచ్చు కూలి అన్నీ నువ్వే కడుతున్నావు. అవి తీసెయ్. మిగిలిన 96 పేజీల్లో ఇంకో 16 పేజీల కవితలు కూడా తీసెయ్. పండగలకీ, దినోత్సవాలకీ వాట్సాప్ గ్రూపుల వాళ్లు అడిగితే రాసినవి ఏవో నీకు తెలుసు. 80 పేజీల పుస్తకం చాలు. టైటిల్ పేజీ, వివరాల పేజీ, ఆ తర్వాత నేరుగా 'తొడిమలు'.

పంక్తుల సంగతి ఒకటి చెప్పాలి. నువ్వు కవితలు ఫోన్లో రాస్తున్నావని చూడగానే తెలిసింది. రెండు మాటలకొకసారి పంక్తి విరుగుతోంది. స్క్రీన్ వెడల్పు చూసి విరిచిన పంక్తి అది, నీ ఊపిరి చూసి విరిచింది కాదు. డెమీ పేజీ మీద అలాంటి కవిత ఎడమ పక్కన సన్నగా వేలాడుతూ ఉంటుంది, మిగతా పేజీ ఖాళీ. ఈమధ్య ఇదే ఒక ఫ్యాషన్ అయింది, విరిచినంత మాత్రాన వచనం కవిత్వమవుతుందని నమ్మేవాళ్లు ఎక్కువయ్యారు. ప్రతి కవితా కాగితం మీద చేత్తో మళ్లీ రాసుకో. పైకి చదువు. ఎక్కడ ఆగుతావో అక్కడ విరువు.

ఎన్ని కాపీలు వేయాలని అడిగావు. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు కాపీలు ఎన్నయినా ఒకటే, అందుకే ఎక్కువ వేస్తే ఒక్కో కాపీ చవగ్గా పడుతుంది. 500 బదులు 1000 వేయించుకోమని ప్రెస్సువాళ్లు చెప్పేది ఆ లెక్కతోనే. ఆ లెక్క నిజమే గానీ, మిగిలిన 500 కాపీల కట్టలు మంచం కింద పెట్టుకోవాల్సింది నువ్వు. ఇప్పుడు డిజిటల్ ప్రింటింగ్‌లో 100 కాపీలు కూడా వేస్తున్నారు. వాటితో మొదలుపెట్టు, అయిపోతే మళ్లీ వేయించు. లోపల 70 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) నేచురల్ షేడ్ కాగితం, అంటే కాస్త పసుపు ఛాయది, పెట్టించు, కళ్లకు హాయి. పుస్తకాల షాపులకు 40 శాతం దాకా కమిషన్ పోతుంది, డబ్బు పుస్తకం అమ్ముడయ్యాకే వస్తుంది, అదీ అడగ్గా అడగ్గా. దాన్ని బట్టి వెల పెట్టుకో. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకం గుర్తింపు సంఖ్య, ఇప్పిస్తామని డబ్బు అడిగేవాళ్లుంటారు, ఇవ్వకు. మన దేశంలో అది ఉచితం. రాజా రామ్మోహన్ రాయ్ పేరుతో ఉన్న ఐఎస్‌బీఎన్ ఏజెన్సీకి రచయితలే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. 1954 నాటి చట్టం ఒకటి ఉంది, పుస్తకం వచ్చిన 30 రోజుల్లో కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా లాంటి గ్రంథాలయాలకు ఒక్కో కాపీ పంపాలి. సొంతంగా వేసుకునే కవులు చాలామంది ఈ పని చేయరు. నువ్వు చెయ్యి. మనమంతా పోయాక కూడా నీ పుస్తకం ఒకచోట ఉంటుంది.

ఆవిష్కరణ సభకు హాలు, శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీ, టిఫిన్లు అన్నీ రాసి ఖర్చు లెక్క వేశావు. ఆ మొత్తం నీ ముద్రణ ఖర్చుకు దగ్గర్లో ఉంది. వేదిక మీద కూర్చున్నవాళ్లు గంటల కొద్దీ మాట్లాడతారు, చివర్లో అందరూ లేచిపోతున్నప్పుడు కవికి ఐదు నిమిషాలు ఇస్తారు. 1965లో దిగంబర కవులని పేరు పెట్టుకున్న తిరుగుబాటు కవులు తమ మొదటి సంపుటిని హైదరాబాదులో అర్ధరాత్రి పూట నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. తర్వాతి సంపుటి విజయవాడలో ఒక హోటల్ కార్మికుడి చేత, మూడోది విశాఖపట్నంలో ఒక భిక్షగత్తె చేత. వాళ్ల కవిత్వంతో నాకు చాలా పేచీలున్నాయి, కానీ ఎవరి చేతికి పుస్తకం ఇవ్వాలో వాళ్లకు తెలుసు. మీ అమ్మతో కలిసి తొడిమలు తీసేవాళ్లు ఎంతమంది ఉంటారు? మధ్యాహ్నం అన్నాల వేళ అక్కడికి వెళ్లి, ఆ ఒక్క కవిత వాళ్లకు చదివి వినిపించు. చదువు రానివాళ్లకు కూడా అర్థమవుతుంది, నువ్వు అంత తేలిగ్గా రాశావు.

అవార్డులకు పంపాలా అని అడిగిన దాని గురించి ఇప్పుడేమీ చెప్పను.

ఆఖరి పని ప్రూఫులు. నువ్వు యూనికోడ్‌లో టైపు చేశావు, మీ డిటిపి అతను దాన్ని ప్రెస్సుల్లో వాడే అనూ అనే వేరే రకం ఫాంట్లలోకి మారుస్తాడు. ఆ మార్పిడిలో ఒత్తులు చెదిరిపోతాయి, కొన్ని అక్షరాలు మాయమవుతాయి, పంక్తుల మధ్య ఖాళీలు కలిసిపోయి రెండు చరణాలు ఒకటవుతాయి. ఫోన్లో పీడీఎఫ్ చూసుకుని ఓకే చెప్పమంటాడు. చెప్పకు. కాగితం మీద ప్రింటు తీయించి, కవిత్వం అంటే పెద్దగా పట్టని నీ స్నేహితురాలి చేత కూడా చదివించు. కవితలో మునిగిపోని వాళ్లకే తప్పులు బాగా దొరుకుతాయి. ఇంకో సెట్టు నాకు పోస్టులో పంపు. ఎర్రసిరాతో దిద్ది, వారంలోపు తిప్పి పంపుతాను. అప్పటిదాకా ప్రెస్సుకు అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి