కాన్పుకి వెళ్లనా, మాననా?

ప్రశ్న: నా వయసు 64. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంటోంది. మా అమ్మాయి విదేశంలో ఉంటుంది. ఇంకో ఏడు వారాల్లో తొలి కాన్పు. సరిగ్గా ఆ వారానికి చేరేలా ఎప్పుడో టికెట్ కొన్నాం. ఇప్పుడు అక్కడ కోవిడ్ కేసులు మళ్లీ పెరుగుతున్నాయట. 'ఈ వయసులో రిస్కు ఎందుకమ్మా, అక్కడ ఏమైనా అయితే ఎవరు చూస్తారు?' అని మా అబ్బాయి కోప్పడుతున్నాడు. మావారికి 71, గుండెకి స్టెంట్లు వేశారు. ఆయన్ని ఇక్కడే వదిలి వెళ్లాలి. అమ్మాయి మాత్రం 'నీ ఇష్టం అమ్మా' అని ఫోన్ పెట్టేస్తోంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కోవిడ్ గురించి అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వనిది 'నీ ఇష్టం అమ్మా' అన్న మాట అనిపిస్తోంది. రమ్మని గట్టిగా అంటే, దారిలో మీకేమైనా అయితే జన్మంతా ఆ బాధ మోయాలని ఆమె భయం. వెళ్లమంటే రేపు తనను తాను క్షమించుకోలేనని మీ అబ్బాయి భయం. ఇద్దరిదీ ప్రేమే. కానీ తప్పు తమ మీదకి రాకూడదని ఎవరికి వారు తప్పుకోవడంతో, మోయాల్సినదంతా మీ ఒక్కరి నెత్తిన పడింది. అందుకే దీన్ని విడదీసి చూద్దాం. ఆరోగ్యం సంగతి డాక్టర్‌తో తేల్చుకోవాలి, మిగతాది ఇంట్లో కూర్చుని మాట్లాడుకోవాలి. రెండూ కలిపితే ఎప్పటికీ తేలదు.

ఇవి 2020 నాటి రోజులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న కోవిడ్ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. వైరస్ మాత్రం పోలేదు. రూపం మార్చుకుంటూ అప్పుడప్పుడూ పెరుగుతూ తగ్గుతూనే ఉంది. టీకాల వల్లో, ఒకసారి వచ్చి పోవడం వల్లో చాలామందికి కొంత రక్షణ ఉంది కాబట్టి ఎక్కువమందిలో నాలుగైదు రోజుల జ్వరం, దగ్గుతో పోతోంది. కానీ వయసు పైబడినవాళ్లకి, షుగర్, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకి ఇప్పటికీ అది ముదిరే అవకాశం ఎక్కువే. మీరు ఆ జాబితాలో ఉన్నారు. మీ అబ్బాయి ఆందోళనని కొట్టిపారేయలేం.

వార్తల్లో 'కేసులు మూడింతలు' అని వింటే గుండె జారిపోతుంది. పది కేసులు ముప్పై అయినా మూడింతలే కదా. పైగా ఇప్పుడు పరీక్షలు చేయించుకునేవాళ్లు బాగా తగ్గారు కాబట్టి కేసుల లెక్క అసలు పరిస్థితిని చెప్పదు. చూడాల్సింది ఆస్పత్రిలో చేరుతున్నవాళ్లు ఎంతమంది, ఐసీయూల మీద ఒత్తిడి ఉందా అన్నది. ఆ దేశ ఆరోగ్య శాఖ ఇచ్చే సమాచారం చూసి చెప్పమని అమ్మాయినో అల్లుడినో అడగండి. ఆ దేశంలోకి రావడానికి ఏవైనా కొత్త నిబంధనలు పెట్టారేమో కూడా వాళ్లనే కనుక్కోమనండి.

ఈ వారంలోనే మీ డాక్టర్‌ని కలవండి. 'వెళ్లొచ్చా?' అని ఊరికే అడిగితే 'జాగ్రత్తగా వెళ్లండి' అంటారు, దాంతో మీకేం తేలదు. మూడు నెలల సగటు షుగర్ పరీక్ష చేయించుకుని, ఆ రిపోర్టు పట్టుకుని వెళ్లండి. టీకా చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో చెప్పి, ఇప్పుడు మరో డోసు అవసరమా అని అడగండి. వైరస్ సోకకుండా టీకా ఇచ్చే రక్షణ కొన్ని నెలల్లోనే తగ్గిపోతుంది, జబ్బు ముదరకుండా కాపాడే శక్తి ఇంకొంత ఎక్కువ కాలం ఉంటుంది. కొత్త డోసు పనిచేయడానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి ప్రయాణానికి ముందురోజు వేయించుకుంటే లాభం లేదు. అక్కడ కోవిడ్ వస్తే ఏ మందు వాడాలో కూడా ముందే అడిగి ఉంచుకోండి. కొన్ని యాంటీవైరల్ మాత్రలు లక్షణాలు మొదలైన ఐదు రోజుల్లోపే వేసుకోవాలి. అవి కొన్ని కొలెస్ట్రాల్ మందులతో, రక్తం పలచబరిచే మందులతో పడవు. మీరు వాడే మందుల పేర్లన్నీ రాసిన కాగితం, ప్రిస్క్రిప్షన్, అనుకున్న దానికన్నా రెండు మూడు వారాలకి ఎక్కువ మందులు చేతి సంచిలోనే పెట్టుకోండి.

ఇప్పుడు మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టిన విషయం. కాన్పు వారానికే చేరేలా టికెట్ కొన్నామన్నారు. కోవిడ్ కాలమైనా కాకపోయినా అది మంచి ఏర్పాటు కాదు. దారిలో ఏదైనా సోకితే సాధారణంగా రెండు నుంచి ఐదు రోజుల్లో బయటపడుతుంది, ఒక్కోసారి ఇంకా ఆలస్యం కావచ్చు. అంటే బిడ్డ పుట్టే రోజున మీరు జ్వరంతో వేరే గదిలో తలుపు వేసుకుని ఉండాల్సి రావచ్చు. ఆరు నెలలు నిండని పసిబిడ్డలకి కోవిడ్ టీకా లేదు. నిండు చూలాలికి కూడా ఈ జబ్బు మామూలువాళ్ల కన్నా ప్రమాదకరం. పైగా డాక్టర్లు చెప్పిన తేదీకి మూడు వారాలు ముందే కాన్పు అయినా ఆశ్చర్యం లేదు. కాబట్టి వెళ్లదలిస్తే టికెట్ ముందుకు జరపండి, రాబోయే రెండు మూడు వారాల్లోనే బయల్దేరండి. అక్కడ మొదటి ఐదారు రోజులు వేరే గదిలో ఉండి, అమ్మాయి దగ్గర మాస్కు పెట్టుకోండి. ఇంట్లో చేసుకునే టెస్టు ఒకసారి చేసి, రెండు రోజులాగి మళ్లీ చేయండి, ఎందుకంటే మొదట్లో అది తప్పు చూపించే అవకాశం ఉంది. అమ్మాయి తన టీకా సంగతి వాళ్ల డాక్టర్‌తో మాట్లాడిందో లేదో కూడా అడగండి. కడుపుతో ఉన్నప్పుడు తల్లి వేయించుకున్న టీకా రక్షణ కొంత బిడ్డకీ అందుతుంది.

విమానం గురించి చాలామంది అనవసరంగా ఎక్కువ భయపడతారు. గాలిలో ఉన్నప్పుడు లోపలి గాలి రెండు మూడు నిమిషాలకోసారి మారుతూ ఉంటుంది, చాలా విమానాల్లో ఉండే ఫిల్టర్లు వైరస్‌ని దాదాపుగా ఆపేస్తాయి. మరీ జాగ్రత్తగా ఉండాల్సింది క్యూలలో, ఎక్కేటప్పుడు దిగేటప్పుడు, జనం మధ్య కూర్చుని తినేటప్పుడు. ముఖానికి బిగుతుగా పట్టే ఎన్95 మాస్కు ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గరే పెట్టుకోండి.

ఇక మీ అబ్బాయి అడిగిన 'ఎవరు చూస్తారు?' అన్నది. అది మంచి ప్రశ్న, జవాబు చెప్పి తీరాలి. మీరు తీసుకునే ప్రయాణ బీమా కోవిడ్ చికిత్సకి ఇస్తుందా, ముందునుంచీ ఉన్న షుగర్ వల్ల వచ్చే ఇబ్బందులకి ఇస్తుందా అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. మీరు పడిపోతే పచ్చి బాలింతరాలు మిమ్మల్ని చూడలేదు. అల్లుడికి ఎన్ని రోజులు సెలవుందో, దగ్గర్లో ఇంకెవరున్నారో ఇప్పుడే మాట్లాడుకోండి. అలాగే మీవారి సంగతి. అబ్బాయితో కోవిడ్ గురించి వాదించకండి. 'నేను తిరిగొచ్చేదాకా నాన్న మందులు, చెకప్‌లు నువ్వు చూస్తావా?' అని సూటిగా అడగండి. అతను చూస్తానంటే మీ టెన్షన్ సగం తగ్గుతుంది. చూడలేనంటే మీ ప్రయాణానికి అసలు అడ్డంకి కోవిడ్ కాదని ఇద్దరికీ తెలుస్తుంది.

నా మనసులో మాట చెప్పమంటే, డాక్టర్ సరేనంటే వెళ్లమనే అంటాను, త్వరగా వెళ్లమంటాను. 2021లో మా అక్కకి ఆపరేషన్ అయినప్పుడు నేను వెళ్లలేదు. అప్పటికి నాకు టీకా కాలేదు, ఆస్పత్రుల్లో మంచాలు లేవు. ఆ నిర్ణయానికి నేనిప్పటికీ చింతించను. కానీ రానని చెప్పడానికి రోజులు రోజులు తటపటాయించి, అక్కని ఎదురుచూసేలా చేశాను. అది మాత్రం ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే మీరు పది రోజులు గడువు పెట్టుకోండి. డాక్టర్ వద్దన్నా, అక్కడి ఆస్పత్రులు కిక్కిరిసినా, బీమా దొరక్కపోయినా ఆగిపోండి. ఇవేవీ కాకపోతే బయల్దేరండి. బయల్దేరే రోజున మీకే జ్వరం ఉంటే, ఎంత బాధైనా టికెట్ మార్చుకోండి.

ఒకవేళ మానుకుంటే, 'కోవిడ్ కదా' అని వదిలేయకండి. బిడ్డకి రెండు నెలలు వచ్చాక ఫలానా తేదీకి వస్తానని చెప్పండి. ఈలోగా అమ్మాయికి సాయంగా మనిషిని పెట్టుకునే ఏర్పాటుకి మీ వంతు డబ్బు పంపండి.

ఈ రాత్రే అమ్మాయికి ఫోన్ చేయండి. 'నీ ఇష్టం' అని మళ్లీ అంటే, 'నా ఇష్టం పది రోజుల్లో చెప్తానమ్మా. ముందు నీకేం కావాలో చెప్పు, ఏమన్నా నేనేమీ అనుకోను' అనండి. ఆమె నోరు విప్పేదాకా ఫోన్ పెట్టకండి.