క్లిప్పుల సంగతి తర్వాత, ముందు ఆసుపత్రికి వెళ్లండి

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. 3 వారాల క్రితం నల్లటి విరేచనాలై కళ్లు తిరిగి పడిపోయారు. కడుపులో పుండు నుంచి రక్తం కారుతోందని ఎండోస్కోపీలోనే ఇంజెక్షన్ చేసి 2 క్లిప్పులు వేశారు. వాటిని మళ్లీ తీయించాలా? లోపల ఉండిపోతే ప్రమాదమా? ఆయనకు రెండేళ్ల క్రితం గుండెకు స్టెంట్ వేశారు. రక్తం కారిందన్న భయంతో ఆస్పిరిన్ మేమే ఆపేశాం. మోకాళ్ల నొప్పులకు మాత్రం పాత మాత్రలే అప్పుడప్పుడు వేసుకుంటున్నారు. రెండు రోజులుగా విరేచనం మళ్లీ నల్లగా ఉంది. ఐరన్ మాత్రల వల్లేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: అసలు విషయం చివరి రెండు వాక్యాల్లో రాశారమ్మా. క్లిప్పుల గురించి బెంగ వద్దు. ఈ జవాబు చదివేటప్పటికి ఆయన్ని ఇంకా ఎవరికీ చూపించకపోతే ఈరోజే తీసుకెళ్లండి. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా, చెమటలు పడుతున్నా, ఆయాసం, ఛాతీనొప్పి ఉన్నా, రక్తం కక్కినా నేరుగా ఎమర్జెన్సీకే.

ఐరన్ మాత్రలతో విరేచనం నల్లబడే మాట నిజమే. కానీ అది ముదురాకుపచ్చ కలిసిన నలుపు, మామూలుగానే గట్టిగా వస్తుంది. రక్తం కలిసినది తారులా జిగటగా ఉంటుంది, నీళ్లు పోసినా ఓ పట్టాన వదలదు, వాసన ముక్కు పగలగొడుతుంది. అయితే ఈ తేడా చూసి మీరే తేల్చేసుకోవద్దు. ఒకసారి రక్తం కారిన మనిషి విషయంలో ‘ఐరన్ వల్లేమో’ అనుకుంటూ ఇంకో రోజు ఆగడం మంచిది కాదు. హిమోగ్లోబిన్ పరీక్ష బాగానే వచ్చిందని ధీమా పడకండి. రక్తం పోయిన మొదటి గంటల్లో ఆ అంకె పెద్దగా తగ్గదు.

ఇక ఆయనకు చేసిన చికిత్స. పలచబరిచిన అడ్రినలిన్‌ను పుండు చుట్టూ ఎక్కిస్తే రక్తనాళం ముడుచుకుని కారడం తగ్గుతుంది. ఆ ప్రభావం ఎక్కువసేపు ఉండదు, అందుకే దానితో పాటు క్లిప్ వేయడమో, వేడితో మాడ్చడమో చేస్తారు. మీవాళ్లు చేసింది సరైన పద్ధతే. లివర్ జబ్బుతో అన్నవాహికలో ఉబ్బిన సిరలు పగిలితే రబ్బరు బ్యాండ్లు వేస్తారు, అది వేరే కథ. క్లిప్పులు సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతటవే ఊడి విరేచనంలో పోతాయి, తీయించక్కర్లేదు. ఎమ్మారై తీయాల్సి వస్తే మాత్రం ముందే చెప్పండి, కొన్ని రకాలకు అది పనికిరాదు.

కానీ క్లిప్ చేసేది రక్తనాళాన్ని నొక్కిపట్టడం వరకే. పుండు మానాలంటే యాసిడ్ తగ్గించే మందు చెప్పినన్నాళ్లూ వాడాలి, పుండు పుట్టించిన కారణం పోవాలి. మళ్లీ రక్తం కారే ముప్పు మొదటి 3 రోజుల్లోనే ఎక్కువ. 3 వారాలకు కారుతోందంటే నాకు ముందు ఆ మోకాళ్ల మాత్రల మీదే అనుమానం.

వీటి దగ్గరే నాకు ఓపిక నశిస్తుంది. ‘మందులేమైనా వాడుతున్నారా?’ అంటే ‘ఏం లేవండీ’ అంటారు. కాసేపటికి సంచీలోంచి సగం ఖాళీ అయిన స్ట్రిప్ బయటపడుతుంది. నొప్పి మాత్రను మందుల లెక్కలో వేయరు! అన్నం తిన్నాకే వేసుకున్నామంటారు, ఇంజెక్షనే కదా అంటారు. ఈ మందులు రక్తంలో కలిశాక కడుపు లోపొరకు ఉండే రక్షణను తగ్గిస్తాయి. ఏ దారిన వెళ్లినా అంతే. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ ఏదైనా సరే ఇంట్లోంచి తీసేయండి. పారాసిటమాల్ కడుపుకి నయమే, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే. స్ట్రిప్ వెనక పేర్లు చదవండి, చాలా పారాసిటమాల్ మాత్రల్లో ఎసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉంటుంది.

ఆపాల్సింది వదిలేసి, ఆపకూడనిది ఆపారు. స్టెంట్ ఉన్న మనిషికి ఆస్పిరిన్ ఆపితే గుండెపోటు ముప్పు పెరుగుతుంది. రక్తం ఆగాక సాధారణంగా కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలుపెడతాం. అలాగని ఇది చదివి ఈ రాత్రే వేసేయకండి. ఇప్పుడు కారుతోందో లేదో తెలియాలి, గుండె డాక్టర్, గ్యాస్ట్రో డాక్టర్ మాట్లాడుకుని చెప్పాలి.

కడుపులో పుండ్లు పుట్టించే హెచ్.పైలోరీ అనే క్రిమికి పరీక్ష అయిందో లేదో కూడా అడగండి. రక్తం కారుతున్నప్పుడు, యాసిడ్ మందు వాడుతున్నప్పుడు ఆ క్రిమి ఉన్నా లేనట్టు రావచ్చు, కాబట్టి మరోసారి చేయాల్సి రావచ్చు. కడుపు పుండు పూర్తిగా మానిందో లేదో, క్యాన్సర్ లాంటిదేమీ లేదని తేల్చుకోవడానికి కొన్ని వారాల తర్వాత ఇంకో ఎండోస్కోపీ చెబితే వద్దనకండి.

మనిషిని చూడకుండా ఇంతకంటే చెప్పలేను. ఆయన్ని పరీక్షించిన డాక్టర్ మాటే చివరి మాట. వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితాలు, ఎండోస్కోపీ రిపోర్టు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ తీసుకెళ్లండి. మళ్లీ ఎండోస్కోపీ చేయాల్సి రావచ్చు, కాబట్టి డాక్టర్ చూసేదాకా ఆయనకు ఏమీ తినిపించకండి.