అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని చెప్పాలా, దాచాలా?

"అమ్మకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. తెలిస్తే కుంగిపోతుంది, చెప్పకుండానే వైద్యం చేయిద్దాం అంటున్నారు బంధువులు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

చెప్పేయండి. ఈ జబ్బు నాకూ వచ్చింది. మా ఇంట్లోవాళ్లు కూడా మొదట "చిన్న గడ్డ, తీసేస్తారు" అన్నారు. ఫైలు నా చేతికిచ్చేవారు కాదు. నేను గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేవి. అప్పుడు పడినంత భయం తర్వాత కీమోకి కూడా పడలేదు.

బయాప్సీ రిపోర్టులో 'గ్రేడ్ 3' అని చూసి, మూడో స్టేజ్ అనుకుని మా ఆడపడుచు వంటింట్లో ఏడుస్తుంటే విన్నాను. మర్నాడు ఫైలు నేనే తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టాను. ఆవిడ ఒక కాగితం వెనక బొమ్మ గీసి చెప్పారు. గ్రేడ్ అంటే మైక్రోస్కోపులో ఆ కణాలు మామూలు కణాలకు ఎంత తేడాగా కనిపిస్తున్నాయో చెప్పేది. స్టేజ్ అంటే జబ్బు ఎంతవరకు పాకిందో చెప్పేది. రెండూ వేరు. ఇక ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి గడ్డ కణాల్లో ఈఆర్, పీఆర్ అనే హార్మోన్ గ్రాహకాలు, హెర్2 అనే ప్రోటీన్ ఎంత ఉన్నాయో చూస్తారు. ఈఆర్ పాజిటివ్ అయితే టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మాత్రలు ఏళ్ల తరబడి వాడాలి, హెర్2 పాజిటివ్ అయితే ట్రాస్టుజుమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఉన్నాయి. ఆ రోజు ఇంటికొచ్చి కడుపు నిండా అన్నం తిన్నాను.

ఇంకో సంగతి. కీమో నడిచేటప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే పారాసిటమాల్ వేసుకుని పడుకోకూడదు, అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తాలి. తెల్లకణాలు పడిపోయి ఉంటాయి కాబట్టి ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి తెస్తుంది. అసలు జబ్బే దాచిపెడితే ఈ జాగ్రత్త అమ్మకు ఏమని చెబుతారు? జుట్టు ఊడుతుంటే ఏ సాకు చెబుతారు?

నాకు చంకలో గ్రంథులు తీశాక చెయ్యి పైకి లేచేది కాదు. ఫిజియోథెరపిస్టు గోడకెదురుగా నిలబెట్టి, వేళ్లతో మెల్లగా పైకి పాకించమన్నారు. అందినచోట పెన్సిల్‌తో గీత పెట్టేదాన్ని. ఎందుకు చేస్తున్నానో తెలుసు కాబట్టి నొప్పి ఓర్చుకున్నాను. దండెం మీద చీర నేనే ఆరేసుకోగలిగిన రోజు, ఆఫీసులో ఉన్న మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను.

అన్నీ ఒక్కసారే చెప్పక్కర్లేదు. అమ్మ అడిగినదానికి మాత్రం నిజమే చెప్పండి. ఈసారి వెళ్లేముందు ఆవిడ సందేహాలన్నీ ఒక నోటుబుక్కులో రాయించండి. డాక్టరు దగ్గర ఆవిడనే అడగనివ్వండి, మీరు పక్కన కూర్చుని జవాబులు రాసుకోండి.