పని కొత్తూరులో, జాగా దేవరకద్ర దగ్గర: ఇల్లు ఎక్కడ చూసుకోవాలి?

తమ్ముడూ, నీ ప్రశ్న చదివితే నేను పడ్డ టెన్షనే గుర్తొచ్చింది. షాద్‌నగర్ దగ్గరి కొత్తూరులో షిఫ్టు డ్యూటీ, మహబూబ్‌నగర్ జిల్లా దేవరకద్ర పక్క ఊళ్లో నాయన పేరు మీద జాగా. అక్కడ సర్కారు సాయంతో ఇందిరమ్మ ఇల్లు కట్టాలా, అప్పు చేసి షాద్‌నగర్ దగ్గర వెంచర్‌లో ప్లాటు కొనాలా అని అడిగావు. ప్లాటు మాత్రం కొనకు. ఎందుకో చెప్తాను.

నేనూ మీ వైపు వాడినే. పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో ఏడేళ్లు చేశాను. మొదటి ఏడాది ఊరి నుంచే తిరిగాను. ఆరు గంటల షిఫ్టుకు మూడింటికే లేవాలి. బండి మీద దేవరకద్ర, దొరికిన బస్సో లారీయో పట్టుకుని పాలమూరు (మహబూబ్‌నగర్), మళ్లీ జడ్చర్ల, అక్కడ ఆటో. ఆలస్యమైతే సగం రోజు జీతం పోయేది. పొద్దున వెళ్లేటప్పుడు నా బిడ్డ నిద్రలో ఉండేది, వచ్చేసరికి మళ్లీ నిద్రపోయేది.

తట్టుకోలేక జడ్చర్లలో రేకుల గది తీసుకున్నాం. ఆరు గదులకు ఒకటే నల్లా, ఒకటే బాత్‌రూం. ఎండాకాలంలో నైట్ షిఫ్టు చేసి వచ్చి పగలు ఆ రేకుల కింద పడుకోవాలి. దుప్పటి తడిపి కప్పుకుంటే గంటలో ఆరిపోయేది, లేచి మళ్లీ తడుపుకునేవాణ్ని. గోడ అవతల ఒక వెంచర్. పెద్ద కమాను, తారు రోడ్లు, హద్దు రాళ్లు, రాత్రంతా వీధి దీపాలు. ఇల్లు ఒక్కటి లేదు. కొన్నవాళ్లలో ఎక్కువ మంది రేటు పెరిగాక అమ్ముకుందామని చూసే హైదరాబాద్ వాళ్లు. "ఇంత జాగా ఖాళీగా ఉంటే మనకు ఈ గది ఏంది?" అని మా ఇంటావిడ అడిగింది. ఆ మాట మీదే అందులో వంద గజాలు వాయిదాల మీద కొన్నాను. నాలుగేళ్లు కట్టాను. ఇల్లు కట్టడానికి చేతిలో పైసా మిగల్లేదు. ఇప్పుడు అందులో తుమ్మచెట్లు మొలిచాయి.

ఇక ఇందిరమ్మ సంగతి. 2025 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా అప్పకపల్లిలో శంకుస్థాపన జరిగిన పథకం ఇది. సొంత జాగా ఉన్నవాళ్లకే మొదటి ప్రాధాన్యం, పని ఎంత దాకా అయితే అంత మేర విడతలుగా 5 లక్షలు ఇస్తారు. మంజూరైతే వదులుకోకు, కట్టండి. ఇల్లు ఆడవాళ్ల పేరు మీదే ఇస్తారు కాబట్టి మీ అమ్మ పేరు మీద పెట్టించు. పెళ్లయిందన్నావు కదా, రేషన్ కార్డు వేరు చేయించుకో. రేపు నువ్వు కేంద్రం ఇళ్ల పథకం పీఎం ఆవాస్ పట్టణ 2.0 కింద లోను తీసుకుంటే వడ్డీ రాయితీ 1.80 లక్షల వరకు వస్తుంది. కానీ భార్యాభర్తల్లో ఎవరి పేరు మీదా దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అందుకే ఊరి ఇల్లు అమ్మ పేరు మీద, నీ కార్డు వేరుగా అన్నాను.

అయితే ఊరి నుంచి రోజూ తిరుగుదాం అనుకోకు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ 85 కిలోమీటర్ల డబుల్ లైన్ ప్రారంభమైంది, సంతోషమే. హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ మాత్రం శంషాబాద్ దగ్గరి ఉందానగర్‌తోనే ఆగింది. మిగతా బండ్ల టైములు మన షిఫ్టులను చూసి పెట్టినవి కావు. మా దోస్తుకు సర్కారు కట్టిన డబుల్ బెడ్‌రూం ఇల్లు వచ్చింది. 560 అడుగుల మంచి ఇల్లు, కానీ ఊరికి దూరంగా గుట్ట పక్కన. రాత్రి పదింటికి డ్యూటీ దిగితే ఆటో ఉండదు. వాళ్లావిడకు పగలు ఫ్రీ బస్సు ఉంది, రాత్రి ఏ బస్సూ లేదు. తాళం వేసి మళ్లీ అద్దె గదికే వచ్చారు. సర్కారు జాగా ఎక్కడ దొరికితే అక్కడ కడితే ఇంతే అవుతుంది.

నన్ను బాగా బాధపెట్టేది ఇంకొకటి. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు షాద్‌నగర్, కొత్తూరు మన పాలమూరు జిల్లా నుంచి రంగారెడ్డిలోకి పోయాయి. నీ కార్డు ఇక్కడ, నీ పని అక్కడ. పనిచేసే చోట ఏ ఇళ్ల లిస్టులోనూ నీ పేరుండదు. మేం నలుగురం ఒక ఆఫీసుకు పోయి అడిగితే కార్డు అడ్రసు చూసి పంపించేశారు. కార్మికులకు అద్దె ఇళ్లు కట్టే ఏర్పాటు పీఎం ఆవాస్ 2.0లోనే ఉంది. తిమ్మాపూర్, షాద్‌నగర్, జడ్చర్ల స్టేషన్ల చుట్టూ అలాంటివి కట్టాలి, కార్డు ఏ జిల్లాదైనా ఇవ్వాలి. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో పది మంది సంతకాలతో అర్జీ పెట్టండి, ఊరుకోకండి.

అంతవరకు తిమ్మాపూర్ వైపు గది అద్దెకు చూసుకో. చూడటానికి మిట్టమధ్యాహ్నం వెళ్లు, వేడి ఎంతో తెలుస్తుంది. నల్లా ఎన్ని కుటుంబాలకు ఒకటో పక్క గది వాళ్లను అడుగు. స్లాబు గది దొరికితే ఐదొందలు ఎక్కువైనా తీసుకో.