ఏజెన్సీ ఊళ్లో బడి గది కడుతుంటే ఒక్క రోజు సాయానికి వెళ్లడం వల్ల ఉపయోగం ఉందా?

విశాఖ నుంచి పాడేరు అవతల కొండ మీద ఊరికి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే మీ ఆలోచన మంచిదే. నేనూ మిత్రులతో అలా వెళ్లినవాణ్నే. ఉపయోగం ఉంటుందా లేదా అన్నది మీరు ఏ రోజు వెళ్తారన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది.

ముందు మేస్త్రీకి ఫోన్ చేయండి. గోడ కట్టే రోజు మనం వెళ్తే అడ్డమే, తాపీ పని మనకు రాదు. మేం అడిగితే మేస్త్రీ, "బాబూ, మోత ఉన్న రోజు రండి, లేదంటే స్లాబ్ రోజు రండి" అన్నాడు. అది అక్షరాలా నిజం. లారీ తారు రోడ్డు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఇసుక, చిప్స్ (కంకర), యాభై కిలోల సిమెంటు బస్తాలు అన్నీ కాలిబాటన మనుషులే మోయాలి. రోజూ పోడు పనికి పోయే ఆడవాళ్లే మళ్లీ ఆ మోత కూడా మోస్తున్నారు. మనం పది మందిమి వెళ్తే వాళ్లకు ఒక రోజు కూలి పోకుండా మిగులుతుంది. నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించింది ఇదే.

స్లాబ్ రోజు సంగతి వేరు. నీళ్లు కలిపిన సిమెంటు ఎక్కువసేపు ఆగదు, గట్టిపడిపోతుంది. మధ్యలో పని ఆపితే పాత కాంక్రీటుకీ కొత్తదానికీ సరిగ్గా అతుకు పడదు. అక్కడ కురిసే వానలకు సరిగ్గా ఆ అతుకు దగ్గరే కారుతుంది. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) ఎక్కని ఊళ్లో పారలతోనే కలుపుతారు కాబట్టి తట్టలు అందించే వరుస తెగకూడదు. అక్కడ ఎన్ని చేతులున్నా చాలవు.

దారి చోడవరం, మాడుగుల మీదుగా. పాడేరు వరకే దాదాపు 110 కిలోమీటర్లు. గరికబంద దాటాక ఘాట్, అన్నీ మలుపులే. తెల్లవారకముందే బయల్దేరండి, పెట్రోలు కిందే కొట్టించుకోండి. చీకటి పడకముందే ఘాట్ దిగిపోవాలి. పొగమంచులో, వానలో ఆ మలుపులు నిజంగా టెన్షన్. పాడేరు దాటాక సిగ్నల్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. సంత రోజు వెళ్లకండి, ఊళ్లో ఎవరూ ఉండరు.

రబ్బరు గ్లౌజులు తప్పనిసరి, తడి సిమెంటు చేతుల్ని తినేస్తుంది. దోమలున్నాయి, మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి ఫుల్ చేతుల చొక్కాలు వేసుకోండి. బియ్యం, పప్పు, కూరగాయలు మీరే తీసుకెళ్లి ఊరివాళ్లతో కలిసి వండుకోండి. మన భోజనం ఖర్చు వాళ్ల మీద పడకూడదు. పిల్లలతో ఫొటోలు దిగాలంటే పెద్దవాళ్లను అడగండి.

డబ్బు కొంత మిగిలితే నీళ్ల డ్రమ్ములు, పైపు కొనివ్వండి. స్లాబ్‌ను వారం పది రోజులు తడుపుతూనే ఉండాలి. ఊట నుంచి ఆ నీళ్లు మోసేది వాళ్లే.