ఇండికేటర్‌లో నీళ్లు చేరాయా: మేనకోడలికి మావయ్య ఉత్తరం

అమ్మలూ,

కారు ఇండికేటర్‌లో నీళ్లు చేరాయని, సందులు మూసే సిలికాన్ జిగురు ట్యూబు తెచ్చి దాని చుట్టూ పూసేస్తానన్నావు. రెండ్రోజులు ఆగు. నీళ్లు ఎక్కడినుంచి దూరుతున్నాయో తేలకుండా పూస్తే కొత్త నీళ్లు ఆగవు సరికదా, లోపలున్నవి బయటికి పోయే దారి కూడా మూసుకుపోతుంది.

ముందు అది చెమ్మా, కారుడా అన్నది తేల్చుకోవాలి. వాన వెలిశాకో తెల్లవారుజామునో లెన్స్ (ల్యాంపు ముందుండే ప్లాస్టిక్ మూత) లోపల పల్చగా ఆవిరి పట్టి, ఎండ తగిలాక దానంతటదే పోతుంటే ఆ ల్యాంపు జోలికి వెళ్లనక్కర్లేదు. ఆ మాత్రం చెమర్చడం మామూలే. 21 వాట్ల పాత బల్బు తీసి ఎల్ఈడీ పెడితే ఆవిరి ఇంకాస్త ఎక్కువసేపు ఉంటుంది, ఎందుకంటే ఆరబెట్టే వేడి దానికి లేదు. నువ్వు పంపిన ఫొటోలో ఉన్నది మాత్రం ఇది కాదు. బొట్లు జారి అడుగున నీళ్లు నిలిచాయి. అది కారుడే.

ల్యాంపు హౌసింగ్ అంటే గాలి చొరబడని డబ్బా అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఊపిరి తీసుకుంటుంది. బల్బు వెలిగితే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, ఆరితే చల్లబడి ముడుచుకుంటుంది. ఆ రాకపోకల కోసమే వెనకవైపు చిన్న గొట్టమో, వంపు తిరిగిన రబ్బరు ముక్కో, బిళ్లంత పల్చటి పొరో పెడతారు. ఆ పొరలోంచి గాలి, ఆవిరి పోతాయి, నీటిబొట్టు పోదు. దాన్ని మట్టి మూసినా, నీ సిలికాన్ మూసినా జరిగేది ఒకటే. వేడి ల్యాంపు మీద చల్లటి వాన పడగానే లోపల పీడనం తగ్గి, వెంట్రుకవాసి సందు ఎక్కడున్నా అక్కడినుంచి నీటిని లోపలికి పీల్చేస్తుంది. బల్బు దగ్గరి రబ్బరు రింగు మార్చినా మళ్లీ నీళ్లొస్తున్నాయని మొత్తుకునేవాళ్లు ముందు చూడాల్సింది ఈ గొట్టాన్నే.

ఇక విప్పడం. కారు ఆపి, తాళంచెవి బయటికి తీసేసి, చుట్టూ ఉన్న పెయింటుకి మాస్కింగ్ టేపు అంటించు. కొన్ని ల్యాంపులకు ఒకటి రెండు స్క్రూలుంటాయి, కొన్ని ఉత్త క్లిప్పుల మీదే నిలుస్తాయి. ఏది ఎటు జరిపితే వస్తుందో కారు మాన్యువల్‌లో చూసుకో. కనెక్టర్‌ని వైర్లు పట్టి లాగకు, లాచ్ (దాని మీదుండే చిన్న కొక్కెం) నొక్కి ఊడదీయి. బల్బు హోల్డర్‌ను సాధారణంగా ఎడమవైపు పావు చుట్టు తిప్పితే చేతికొస్తుంది.

అక్కడే కాసేపు ఆగి హోల్డర్ మెడకున్న రబ్బరు రింగు చూడు. బల్బు మార్చేటప్పుడు అది ఊడి ఎక్కడో పడిపోతుంది, లేదా మెలిక పడుతుంది. కొన్నిసార్లు రింగు బాగానే ఉంటుంది, హోల్డర్‌నే చివరిదాకా తిప్పకుండా వదిలేసి ఉంటారు. నేను చూసిన కేసుల్లో ఎక్కువభాగం ఇక్కడే తేలిపోయాయి. గోటితో నొక్కితే రింగు అణగి మళ్లీ లేవాలి. గట్టిపడిపోయినా, వంచినప్పుడు సన్నటి బీటలు కనిపించినా కొత్తది వెయ్యి.

రింగు బాగుంటే అసలు పరీక్ష అప్పుడు. వెనకున్న రంధ్రాలన్నీ టేపుతో మూసి, ఒకదానికి మాత్రం సన్నటి గొట్టం బిగించు. లెన్స్ అతుకు వెంబడి సబ్బునీళ్లు రాసి, గొట్టంలోంచి నోటితో మెల్లగా ఊదు. పెద్ద బుడగల కోసం చూడకు. ఆవగింజంతవి ఒకదాని వెనక ఒకటి అదే చోట లేస్తుంటాయి, చూపు నిలిపితేనే కనిపిస్తాయి. ఆ చోట మార్కర్‌తో గీత పెట్టు. కంప్రెసర్ గాలి మాత్రం పెట్టకు, బాగున్న అతుకు కూడా విడిపోతుంది.

తర్వాత నీళ్లు వంపేసి, టేపులన్నీ పీకేసి, రంధ్రాలు కిందికి పెట్టి గాలి ఆడేచోట రోజంతా ఆరనివ్వు. హెయిర్ డ్రయ్యర్ వాడితే తక్కువ వేడిలో, దూరంనుంచి. లోపల మట్టి మరకలుంటే డిస్టిల్డ్ వాటర్ పోసి ఆడించి వంపేయి. గుడ్డ మాత్రం దూర్చకు. లోపల మెరిసేది అతి పల్చటి అల్యూమినియం పూత, ఒక్క తుడుపుకి లేచిపోతుంది, మళ్లీ రాదు. పెట్రోలు, థిన్నర్, అసిటోన్ లెన్స్ దరిదాపులకు రానివ్వకు. ప్లాస్టిక్ నిండా సన్నటి పగుళ్లు తేలతాయి.

అతుకే కారుతుంటే ఊడివస్తున్న పాత జిగురు గీకేసి, తడి లేకుండా తుడిచి, అప్పుడు సిలికాన్ పెట్టు. అది కూడా ట్యూబు మీద ‘న్యూట్రల్ క్యూర్’ అని ఉన్నదే. వెనిగర్ వాసన కొట్టే రకం గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది, హోల్డర్ లోహాన్నీ లోపలి పూతనూ తినేస్తుంది. గాలి గొట్టాన్నీ, అడుగున నీరుపోయే రంధ్రం ఉంటే దాన్నీ ముట్టుకోకు. చేతికి అంటనంత మాత్రాన ఆరిందనుకోకు, 24 గంటలు వదిలేయి.

లెన్స్ ఊడదీసి కొత్త బ్యూటైల్ (మెత్తటి రబ్బరు జిగురు) వేసుకోమని కొందరు చెబుతారు. కొన్ని హెడ్‌లైట్లకు అది సరే. ఇండికేటర్లలో చాలావాటికి లెన్స్‌ను కరిగించి అతికేసి ఉంటారు, వేడిచేస్తే వంకరపోతుంది తప్ప ఊడదు. అడుగున డ్రిల్లుతో రంధ్రం పెట్టే చిట్కా కూడా నాకు నచ్చదు. నీళ్లు పోయే ఆ దారిలోనే టైరు చిమ్మే నీళ్లు లోపలికొస్తాయి. లెన్సే పగిలితే టేపు నాలుగు రోజుల ముచ్చట, ల్యాంపు మార్చెయ్.

హోల్డర్‌లో పచ్చటి చిలుము పట్టి ఉంటే సన్నటి గరుకు కాగితంతో గీకి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తడి చేరనివ్వని గ్రీజు) పల్చగా రాయి. ఇండికేటర్ ఉన్నట్టుండి హడావిడిగా కొట్టుకుంటుంటే సాధారణంగా ఆ వైపు ఒక బల్బు మాడిపోయిందనో, దానికి కరెంటు అందట్లేదనో అర్థం. బల్బు మార్చాల్సివస్తే పాతదాని మీది నంబరు చూసి అదే తీసుకో. నారింజ రంగు పీవై21డబ్ల్యూ పిన్నులు తిన్నగా ఎదురెదురుగా ఉండవు, తెల్ల పి21డబ్ల్యూవి ఉంటాయి. ఒకదాని చోట ఇంకోటి బలవంతంగా దూర్చకు.

పనిలో పనిగా వెనక ల్యాంపులకూ, కారు బాడీకీ మధ్య ఉండే గ్యాస్కెట్ (నీళ్లు దూరకుండా పెట్టే మెత్తటి పట్టీ) కూడా చూడు. అది చితికితే ల్యాంపు పొడిగానే ఉంటుంది, నీళ్లు మాత్రం డిక్కీలో స్టెప్నీ గుంటలో చేరతాయి.

అంతా బిగించాక, స్క్రూలు మరీ బిర్రుగా కాకుండా, పైపుతో మామూలు ధార కిందినుంచి పైకి మెల్లగా పట్టు. ప్రెషర్ వాషర్ వద్దు. లోపల తడి కనిపిస్తే, ధార ఎక్కడున్నప్పుడు కనిపించిందో గుర్తుపెట్టుకుని నాకు ఫోన్ చెయ్యి.

నీ మావయ్య